ముడి వేసిన మూల

కొత్తవాడలో గడియారం లేని ఇల్లు ఉంటే ఉండొచ్చు గానీ, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి సారంగపాణి ఇంట్లో జంపఖానా దులుపుతారని తెలియని ఇల్లు మాత్రం లేదు. ఆ వేళకు పవర్‌లూమ్ వాళ్ళు కరెంటు ఉన్నా సరే మిషన్లు ఆపేవాళ్ళు. ఊడ్చే ఆడవాళ్ళు చీపురుతోనే, పళ్ళు తోముకునే మగవాళ్ళు నోట్లో బ్రష్‌తోనే గోడల దగ్గరికి చేరేవాళ్ళు. పాలప్యాకెట్లు వేసే ఆయన ఊరంతా తిరిగి ఆఖరుకు ఆ సందు పెట్టుకునేవాడు, నిలబడి వినడానికి తీరిక ఉంటుందని.

వినడానికి అంటే, జంపఖానాలోంచి మాటలు రాలతాయి కదా, వాటిని.

పన్నెండడుగుల పొడుగు, తొమ్మిదడుగుల వెడల్పు, నీలం చారలు, ఎర్ర చారలు. యాభై రెండేళ్ళ కింద సారంగపాణి, మొగిలమ్మ పెళ్ళయిన తొలి ఏడాది, పెద్ద మగ్గం మీద ఒకరి పక్కన ఒకరు కూర్చొని నేసింది. వారమంతా ముందరి గదిలో పరిచి ఉంటుంది. వచ్చినవాళ్ళు దాని మీదే కూర్చుంటారు, దాని మీదే చాయ్ తాగుతారు, దాని మీదే కొట్లాడుకుంటారు. అన్న మాటలన్నీ దుమ్ముతో పాటు నూలులో దిగుతాయి. ఆదివారం వాకిట్లో దండెం మీద వేసి, పాత మగ్గం నుంచి తీసిన టేకు బద్దతో కొడితే రాలతాయి. రాలేటప్పుడు ఒక్కసారి అన్నవాళ్ళ గొంతులోనే వినపడి, తర్వాత నేల మీద వడ్ల పొట్టులా పడి ఉంటాయి. మొగిలమ్మ వాటిని ఊడ్చి ఎత్తేస్తుంది. వాకిట్లో రాలింది ఎవరూ ఏరుకొని గడప దాటించవద్దని ఆమె పెట్టిన కట్టడి. ఆ కట్టడి వల్లే సందులో ఇన్నేళ్ళుగా ఒకరి తల ఒకరు పగలగొట్టుకోకుండా ఉన్నారు.

అన్ని మాటలూ ఒకేలా రాలవు. ఊరికే అన్నవి మొదటి దెబ్బకే రాలతాయి. మనసులోంచి అన్నవి పది, పదిహేను దెబ్బలు తినందే కదలవు. సారంగపాణి మాటలు మాత్రం అసలు నేలకే దిగవు. పైకి లేచి, సుడి తిరిగి, సందు చివరి దాకా పోయి కరెంటు తీగల మీద కూర్చుంటాయి.

సారంగపాణి సంగతి చెప్పాలంటే ఒక్క ఆదివారం చాలదు. అంత చెయ్యి ఉన్న నేతగాడు కొత్తవాడలో అంతకుముందు పుట్టలేదు, ఆ తర్వాత పుట్టినవాళ్ళకు ఆయన పంజా లేవదు. పంజా అంటే పేకను, అదే అడ్డపోగును, దట్టంగా కిందికి కొట్టే ఇనప చెయ్యి. సారంగపాణి ఇక్కడ పంజా దెబ్బ వేస్తే, కాజీపేటలో ఆగిన బండి సిగ్నల్ ఇచ్చారనుకొని కదిలేది. ఇరవై నాలుగు గజాల జంపఖానా చుట్టను భుజాన వేసుకొని పాలకుర్తి గుట్టను ఒక్క దమ్మున ఎక్కాడు. దారిలో మబ్బు అడ్డం వస్తే మోచేత్తో పక్కకు జరిపాడు. దీనికి ముగ్గురు సాక్షులు. ఇద్దరు చనిపోయారు, మూడో ఆయన సారంగపాణే. కేసముద్రం మార్కెట్ యార్డులో కళ్ళకు గుడ్డ కట్టుకొని పత్తిని ముట్టుకొని, అది ఏ ఊరి చెల్కలో పండిందో, ఆ రైతుకు ఎందరు పిల్లలో, వాళ్ళలో ఎవరికి జలుబు చేసిందో కూడా చెప్పాడు.

"సూడు బిడ్డా," అనేది మొగిలమ్మ తీగల వైపు చెయ్యి చూపించి, "మీ తాత మాటలు. కాకులకు సుత జాగ లేకుంట చేసినయి."

బద్ద పట్టుకున్న మనవరాలు తేజస్విని నవ్వేది. తొమ్మిదో ఏట నుంచి దులిపే పని ఆ పిల్లదే. ఇప్పుడు పద్దెనిమిది నిండాయి.

దులిపే ముందు ఒక తతంగం ఉంటుంది. సారంగపాణి వచ్చి, జంపఖానా ఎడమ వైపు కింది మూలను మడిచి, ఎర్ర నూలుతో గట్టిగా ముడి వేసి ఉందో లేదో చూసేవాడు. "అటు కొట్టకు. అక్కడ నేత తప్పింది. కట్టె తగిల్తె మొత్తం ఇప్పుతది" అనేవాడు. నేత తప్పిన మాట నిజమే. చార మారే చోట నీలం పేకా ఎర్ర పేకా ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇద్దరు నేసేటప్పుడు ఆ పట్టు ఎవరో ఒకరు వేయాలి. ఆ రోజు ఆయన వేస్తాడని ఈమె, ఈమె వేస్తుందని ఆయన ఊరుకున్నారు. నాలుగు వేళ్ళ పొడుగు చీలిక మిగిలిపోయింది. ఆ తప్పు ఎవరిదన్న వాదం ఇప్పటికీ వారానికొకసారి రాలుతూనే ఉంటుంది.

తేజస్విని దగ్గర ఒక లావు నోట్‌బుక్కు ఉంది. రాలిన మాటల్లో నచ్చినవి అందులో రాసుకునేది. కొన్నాళ్ళకు ఒక్కో మాట పట్టుకొని, అన్నవాళ్ళు ఎందుకన్నారో, అనక ముందు ఏం జరిగిందో ఊహించి కథలు కట్టసాగింది. అదే నోట్‌బుక్కును తిరగేసి వెనక నుంచి ఇంకోటి రాసేది: ముసురు పట్టిన వారం మాటలు రాలడానికి ఎన్ని దెబ్బలు పట్టాయి, ఎండల్లో ఎన్ని, నీలం చారలో మాట ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఎర్ర చారలో ఎన్నాళ్ళు. ముందు నుంచి కథలూ వెనక నుంచి పట్టికలూ పెరిగి పెరిగి మొన్న ఇంటర్ పరీక్షలయ్యే నాటికి నడిమి పేజీలో ఎదురుపడ్డాయి. ఇక రాయడానికి చోటు లేదు.

చిక్కు అక్కడే మొదలైంది. హైదరాబాదులో రెండు యూనివర్సిటీలు. ఒకటి పట్నానికి ఈ చివర, ఇంకోటి ఆ చివర. మొదటిదానికి పరీక్ష రాసింది, కెమిస్ట్రీలో ఐదేళ్ళ కోర్సుకు. రెండోదానికి తాను రాసిన కథలు మూడు పంపింది, అక్కడ రాయడమే ఐదేళ్ళు నేర్పుతారు. ఏదో ఒకటి వస్తే చాలనుకుంది. బుధవారం ఒకటి వచ్చింది. శుక్రవారం ఇంకోటి వచ్చింది. రెండూ ఒకే సోమవారం సాయంత్రం ఐదింటిలోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరమన్నాయి. సీట్లు రెండైనా టీసీ ఒక్కటే. కాలేజీ వాళ్ళు ఇచ్చిన ఆ కాగితాన్ని ఏ బల్ల మీద పెడితే బతుకు ఆ బల్ల వైపే నడుస్తుంది, రెండో తలుపు మూసుకుంటుంది.

అప్పటి నుంచి రెండు వారాలు ఆ ఇంటికి వచ్చినంత మంది జనం మేడారం జాతరకు కూడా పోలేదు. అందరూ జంపఖానా మీద కూర్చొని సలహాలు చెప్పారు.

పక్కింటి శ్యాంసుందర్ సార్ నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. గీతలు కొట్టిన కాగితం తెచ్చాడు. "సూడు తేజూ, సైన్స్ చదివినోళ్ళు ఇంటికొచ్చి కథలు రాసుకోవచ్చు. కథలు చదివినోళ్ళను ల్యాబ్‌లకు రానియ్యరు. గిది లాజిక్."

చాయ్ అందిస్తూ మొగిలమ్మ అడిగింది. "మీరు లెక్కలు చెప్పిన్రు గద సార్. ఇంటికొచ్చి ఎన్ని కథలు రాసిన్రు?"

"టైం యాడ దొరికింది మొగిలమ్మా."

"గదే నేననేది. చాయ్ల చక్కెర సరిపోయిందా?"

తల్లి సుభాషిణి నూలు కండెలు చుడుతూ, దేవుడి ముందు చీటీలు వేద్దామంది. వేశారు. కెమిస్ట్రీ వచ్చింది. తేజస్వినికి ఏడుపొచ్చింది. మళ్ళీ వేశారు. రచన వచ్చింది. మళ్ళీ ఏడుపొచ్చింది. సుభాషిణి చీటీలు చింపేసి కండెలు చుట్టుకోసాగింది.

తండ్రి హరికృష్ణ రంగుల కార్ఖానాలో నూలుకు రంగు వేస్తాడు. మోచేతుల దాకా నీలం, ఎంత రుద్దినా పోదు. అతన్ని ఎప్పుడడిగినా ఒకటే మాట. "నీ ఇష్టం బిడ్డా."

"బాపూ, ఏదన్న ఒకటి చెప్పరాదె. నువ్వు చెప్తె అది కాదని రెండోది పట్టుకుంట."

"నీ ఇష్టం అన్న గద."

సారంగపాణి మాత్రం దాపరికం లేకుండా ఒక వైపు నిలబడ్డాడు. "ఇందుల అడిగేదేమున్నది. రాసుడే. లేకుంటె నా చరిత్ర ఎవలు రాస్తరు? ఏడు సంపుటాలు పడతది. పాలకుర్తి గుట్టకే ఒకటి పోతది."

"మబ్బును ఏ మోచేత్తోని జరిపినవ్ తాతా? పోయిన నెల కుడి అన్నవ్, మొన్న ఎడమ అన్నవ్."

"ఎడమతోని జరిపిన. కుడితోని దానికి సలాం కొట్టిన. పెద్ద మబ్బు మరి, మర్యాద ఉండద్దా?"

చాయ్ హోటల్లో, దర్రీల సొసైటీలో, దవాఖానలో బీపీ చూపించుకునే లైన్లో, ఆయన ఆ ఏడు సంపుటాల సంగతి చెప్పని చోటు లేదు. సొసైటీ వాళ్ళు నాలుగో సంపుటంలో తమ పేర్లు వేయించమని ఇప్పటికే అడిగి పెట్టుకున్నారు.

తేజస్వినికి మాత్రం ఆ రెండు వారాలూ ఏ పనీ సాగలేదు. రాయడానికి కూర్చుంటే, ఈ మాట పదో దెబ్బకు గాక పదిహేనో దెబ్బకు ఎందుకు రాలిందన్న ఆలోచన వచ్చి కూర్చునేది. పట్టిక గీస్తూ కూర్చుంటే, ఆ మాట అన్న మనిషి ముఖం కళ్ళ ముందుకొచ్చేది. ఏది ఎంచుకున్నా రెండోది జీవితమంతా వెనక నుంచి పైట పట్టి గుంజుతుందని భయం.

సోమవారం ముందటి ఆదివారం రానే వచ్చింది. సందులో ఆ రోజు ఉన్నంత జనం ఏ పెళ్ళిలోనూ లేరు. గోడల మీద మనుషులు, మిద్దెల మీద మనుషులు. తేజస్విని చున్నీ నడుముకు బిగించి బద్ద అందుకుంది. ఎన్ని దెబ్బలు వేసిందో ఆ రోజు లెక్కపెట్టలేదు. రెండు వారాల సలహాలన్నీ వానలా కురిశాయి. శ్యాంసుందర్ సార్ లాజిక్ పడింది. మేనత్త సుకన్య అన్న "సైంటిస్టైతె టీవీల వస్తవ్" పడింది. ఎవరిదో దగ్గు కూడా పడింది. సారంగపాణి ఏడు సంపుటాలు గుంపుగా లేచి తీగలెక్కితే, తీగలు సాగి నేలకు జానెడెత్తులో ఆగాయి.

తేజస్విని చీపురు తీసుకొని రాలినవాటిని రెండు కుప్పలు చేసింది. కెమిస్ట్రీ మాటలు కుడి పక్క, కథల మాటలు ఎడమ పక్క. తర్వాత లోపలికి పోయి నూలు తూచే తక్కెడ తెచ్చింది. చిలపలు, అంటే నూలు కట్టలు, రంగుకు వేసే ముందు తూచే తక్కెడ అది, వెంట్రుక వేసినా ఒరుగుతుంది. ఒక కుప్ప ఒక పళ్ళెంలో, ఇంకో కుప్ప ఇంకో పళ్ళెంలో పోసింది. సందంతా గోడల మీది నుంచి ముందుకు వంగింది.

ముల్లు నిట్టనిలువునా నిలబడింది.

"పళ్ళాలు మార్చి సూడు," అన్నాడు శ్యాంసుందర్ సార్ గోడ మీది నుంచి. మార్చింది. ముల్లు కదలలేదు. తండ్రి అన్న "నీ ఇష్టం"లు ఒక దోసెడు మిగిలాయి. వాటిని ఏ పళ్ళెంలో వేయాలో ఎవరికీ తోచలేదు.

తేజస్విని తక్కెడ కింద పెట్టి మెట్టు మీద కూలబడింది. "నాకు తెల్వక కాదు తాతా. రెండూ గావాలె. గదే బాధ. రేపు పొద్దుగాల ఆరింటికి బండి ఎక్కాలె, యాడ దిగాల్నో తెల్వది."

సారంగపాణి నోరు తెరిచాడు. ముడి వేసిన మూల వైపు చూసి మళ్ళీ మూశాడు. అది చూసి సందులో చాలామందికి భయమేసింది.

మొగిలమ్మ చీపురు గోడకు ఆనించి ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఓ ముసలాయనా. ఆ మూల ఇప్పు."

"అక్కడ నేత తప్పింది."

"నేత తప్పి యాభై రెండేండ్లయింది. నువ్వు ముడేసి తొమ్మిదేండ్లే అయింది. నాకు లెక్క రాదనుకున్నవా?"

"ఆ పట్టు నువ్వేస్తవనుకొనే నేను ఎయ్యలే."

"నువ్వేస్తవని నేను. ఆ పంచాది రేపు పెట్టుకుందాం. ఇయ్యాల ఇప్పు. అండ్ల ఏమున్నదో నీకు తెలుసు. నాకూ తెలుసు, నేను ఆ రోజు గడపల కూసొని బియ్యం ఏరుకుంట ఉన్న."

సారంగపాణి తల ఎత్తి గోడల వైపు చూశాడు. "అందరున్నరే," అన్నాడు మెల్లగా.

"ఎన్నడు లేరు? మబ్బును జరిపిననాడు సుత ఉన్నరంటివి గద."

మబ్బులను జరిపిన చేతులు, రైళ్ళను కదిలించిన చేతులు, ఆ ఎర్ర నూలు ముడి మీద పడ్డాయి. తొమ్మిదేళ్ళ ముడి ఎముకలా గట్టిపడింది. గోటితో రాలేదు. పంటితో పట్టి లాగాడు. ముడి జారింది, మూల విచ్చుకుంది. అక్కడి నీలం తొమ్మిదేళ్ళుగా ఎండ తగలక మిగతా చారల కన్నా ముదురుగా ఉంది. తేజస్విని లేవబోతే వద్దని చెయ్యి చూపించి, బద్ద తానే తీసుకొని, ఒక్కటే దెబ్బ వేశాడు.

ఒక చిన్నపిల్ల గొంతు రాలింది. పాలపళ్ళు ఇంకా ఊడుతున్న నోటి గొంతు. "తాతా, బాపు కార్ఖానల రంగు గాబులకెల్లి తీయంగ నూలు ఆకుపచ్చగున్నది. దండెం మీద ఏసి సూస్తాంటె సూస్తాంటెనే నీలమయింది. ఎట్లయింది?"

తేజస్విని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆమెకు గుర్తు లేదు. గొంతు మాత్రం తనదే.

వెంటనే సారంగపాణి గొంతు, తొమ్మిదేళ్ళ కిందటి నిండు గొంతు లేచింది. "అదా? ఒకనాడు ఆకాశానికి సలిపెట్టింది. నేను ఒక జంపఖానా నేసి కప్పిన. ఆకాశం మెచ్చుకున్నది. సారంగపాణీ, మీ ఇంటి నూలు ఎన్నడు బయటికొచ్చినా నేను పైకెల్లి సూస్త, నా రంగు దానికిస్త అన్నది. గందుకే బయటికి రాంగనె నీలమయితది." ఆ కథ రాలుతూనే రెక్కలు విప్పి తీగల మీదికి ఎగిరిపోయింది. గోడల మీద ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

పిల్ల గొంతు మళ్ళీ రాలింది. "కథ మస్తున్నది తాతా." కొంచెం ఆగి, "గని నిజంగ ఎందుకు?"

చప్పట్లు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఏమీ రాలలేదు. సారంగపాణి ఇంకో దెబ్బ వేయలేదు. వంగి, ఆ నాలుగు వేళ్ళ చీలికలో రెండు వేళ్ళు పెట్టి, చిక్కుపడ్డ పోగును తెగకుండా లాగినట్టు, లోపల ఇరుక్కున్నదాన్ని ఓపికగా బయటికి తీశాడు. అది ఆయన గొంతే. నగలన్నీ తీసి పక్కన పెట్టిన గొంతు.

"నాకు తెల్వదు బిడ్డా."

అది పైకి లేవలేదు. తీగల వైపు చూడనైనా లేదు. తిన్నగా కిందికి దిగి వాకిట్లో షాబాదు బండ మీద పంజా జారిపడినట్టు దబ్బున పడింది. బండ అంచు పగిలింది. దాని వెనకే ఇంకోటి పడింది.

"నువ్వు తెలుసుకొని నాకు చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం కథ లెక్క చెప్పు. ఉత్తగ చెప్తె నాకు ఎక్కది."

పాలప్యాకెట్ల ఆయన చేతిలోంచి ఒక ప్యాకెట్ జారింది. శ్యాంసుందర్ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు. "సారంగపాణీ. నువ్వేనా తెల్వదన్నది?"

"నేనే. ఒక్కసారే అన్న." సారంగపాణి కండువాతో మెడ తుడుచుకున్నాడు. "వాడకట్టుకు తెలిస్తె నా మబ్బును ఎవడు నమ్ముతడని ముడేసిన." ఆ తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. "ఏడు సంపుటాలు నేనడిగింది. ఇది నువ్వడిగింది. నువ్వు మర్సిపోయినవ్. నేను మర్వలే. ఆదివారం ఆదివారం దాని మీద ముడి సూసుకుంటనే ఉన్న."

"దాన్ని తక్కెడల వెయ్యి," అని ఎవరో మిద్దె మీది నుంచి అన్నారు. తేజస్విని వేయలేదు. వంగి ఆ రెండు మాటలనూ ఏరుకుంది. చిన్నవే, చింతగింజలంత, చేతిలో మాత్రం నులివెచ్చగా, బరువుగా ఉన్నాయి. వాటిని టీసీ ఉన్న కవర్లో వేసుకొని గడప దాటింది. దాటుతూ నానమ్మ వైపు చూసింది. మొగిలమ్మ ఆ క్షణంలోనే కాకులను లెక్కపెట్టాల్సిన పని పడ్డట్టు తీగల వైపు తిరిగింది.

లోపల హరికృష్ణ చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు. తేజస్విని అతని నీలం చెయ్యి పట్టుకుంది. "బాపూ, నూలు గాబులకెల్లి రాంగనె ఎందుకు నీలమయితది?"

"గాలి తగిల్తె అయితది. ఇరవై ఐదేండ్ల సంది సూస్తాన. గాలి ఏం చేస్తదో నాకేం ఎరుక?"

"నేను కెమిస్ట్రీల చేర్త. పోయి తెలుసుకుంట. తెలుసుకున్నది రాస్త."

"నీ ఇష్టం బిడ్డా," అన్నాడు హరికృష్ణ. అతను నిలబడింది జంపఖానా మీద కాదు, ఉత్త నేల మీద. అయినా ఆ మాట కాళ్ళ దగ్గర టప్పున పడింది. ఇద్దరూ వంగి చూసి నవ్వుకున్నారు.

మర్నాడు ఆరింటి బండిలో తండ్రీకూతుళ్ళు పోయారు. కెమిస్ట్రీ సీటు పట్నానికి ఈ చివరే కాబట్టి అక్కడే దిగారు. వాళ్ళను దింపి బండి ఆ చివర వైపు కదిలింది. పైట ఎవరైనా గుంజుతారేమోనని తేజస్విని ఒక నిమిషం ప్లాట్‌ఫారం మీద ఆగి చూసింది. ఎవరూ గుంజలేదు. చంకలో కవరు వెచ్చగా ఉంది. వారం తిరక్కుండా ఒక కొత్త నోట్‌బుక్కు కొన్నది. ఈసారి తిరగేయలేదు. పట్టికలూ కథలూ ఒకే వైపు నుంచి, ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయింది.

బతుకమ్మ పండుగ ఇంకా పది రోజులుందనగా ఒక గురువారం సాయంత్రం ఫోన్ చేసింది. సుభాషిణి స్పీకర్ పెట్టి ఫోన్‌ను జంపఖానా నడిమిలో పెట్టింది. సారంగపాణి దాని ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"తాతా, తెలుసుకున్న. చెప్పన్నా?"

"కథ లెక్క చెప్పు."

"నీలం రంగుకు నీళ్ళల్ల కరుగుడు రాదు. మందేసి కరిగిస్తరు. గప్పుడు ఊపిరి తీసేసిన మనిషి లెక్క దాని రంగు మారి ఆకుపచ్చగయితది, నూలుల లోపలి దాక దూరుతది. బయటికి తీయంగనె గాలి తగుల్తది. గాలిల ఆక్సిజన్ ఉంటది, అది పీల్చుకుంటది. పాణం తిరిగొస్తది, పాత రంగు తిరిగొస్తది. ఇగ మల్ల నీళ్ళల్ల కరగది. యాడ దూరిందో ఆడనే ఉండిపోతది, ఎంత పిండినా బయటికి రాదు."

సారంగపాణి ఫోన్ మీదికి వంగాడు. "ఇది కథనా, నిజమా?"

"నిజమే తాతా. నువ్వే గద గిట్ల చెప్పమన్నది."

"నా ఆకాశం?"

"ఆకాశంల ఉన్నది సుత గాలే గద. నువ్వు చెప్పింది మరీ అంత తప్పు కాదు."

ఆ ముక్కకు ముసలాయన ఛాతీ జంపఖానా వెడల్పయింది. మర్నాటికల్లా చాయ్ హోటల్లో, సొసైటీలో, బీపీ లైన్లో, ఆకాశం సంగతి తాను చెబితే యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకున్నారని వరంగల్ మొత్తానికి తెలిసిపోయింది.

ఆదివారం సుభాషిణి జంపఖానా దులిపింది. మూలకు ఇప్పుడు ముడి లేదు. తేజస్విని చెప్పింది నెమ్మదిగా, మాట వెంట మాట రాలింది. సందంతా విన్నది. పాలప్యాకెట్ల ఆయన ఆక్సిజన్ అన్న చోట తల ఊపాడు. యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకున్న సంగతి తీగలెక్కి కూర్చుంది. అంతా అయిపోయిందనుకొని మొగిలమ్మ చీపురు తీసుకోబోతుంటే, ఆ చీలిక దగ్గర నుంచి ఇంకొకటి జారి దబ్బున బండ మీద పడింది. ఫోన్ పెట్టేశాక, గదిలో ఎవరూ లేరనుకొని సారంగపాణి అన్న మాట.

"మరి ఎర్ర ఎందుకు జల్ది వెలుస్తది బిడ్డా? నాకు తెల్వదు."

గోడల మీద అందరూ సారంగపాణి వైపు చూశారు. ఆయన మీసం మీద చెయ్యి వేసుకొని, మబ్బు జరిపిననాటి ధీమాతో నిలబడ్డాడు.

మొగిలమ్మ చీపురు వదిలేసి వంగింది. ఆ మాటను ఏరి, కొంగుతో దుమ్ము తుడిచి, నీలం చిలపలోంచి ఒక పోగు తెంపి దాని చుట్టూ చుట్టింది. మంగళవారం బిడ్డను చూడటానికి పట్నం పోతున్న హరికృష్ణ సంచిలో, సకినాల డబ్బాకూ మామిడి తొక్కు సీసాకూ నడుమ అది పగలకుండా సర్దింది. సర్ది, గడప దాకా తానే మోసుకొచ్చి ఇచ్చింది.

"జర పైలం," అన్నది. "బరువున్నది."